12 క్లాసులు చూసి చెల్లె పుస్తకం మూసేసింది

ప్రశ్న: అన్నా, మేము ఐదుగురు ఫ్రెండ్స్‌మి ఏడాదిన్నరగా హనుమకొండలో మా ఇంట్లో ప్రతి ఆదివారం డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆడుతున్నాం. కథ నడిపేది నేనే. పోయిన నెల మా చెల్లె, బాబాయి పిల్లలిద్దరు తామూ ఆడతామన్నారు. వాళ్ళకు క్యారెక్టర్లు తయారు చేయడానికే మూడు గంటలు పట్టింది. 12 క్లాసులు, మళ్ళీ వాటిలో సబ్‌క్లాసులు, పేజీలకు పేజీలు స్పెల్స్. ఆఖరికి మా చెల్లె పుస్తకం మూసేసి ‘నాకు రాదు అన్నా, మీరు ఆడుకోండి’ అని లేచి పోయింది. దసరా సెలవుల్లో అందరం మళ్ళీ కలుస్తున్నాం. ఈసారి క్లాసులను మూడో నాలుగో చేసేద్దామనుకుంటున్నా. అలా చేస్తే అందరి పాత్రలూ ఒకేలా ఉంటాయేమోనని భయం. పైగా మా పాత బ్యాచ్‌లో ఒకడు పాలడిన్ లేకపోతే ఆడనే ఆడనంటున్నాడు. ఏం చేయమంటారు?
– బీటెక్ ఫైనల్ ఇయర్ విద్యార్థి, హనుమకొండ

సమాధానం:

తమ్ముడూ,

నీ ఉత్తరం చదువుతుంటే నా మనసు ముందు మీ చెల్లె దగ్గరే ఆగిపోయింది. ఇష్టం లేని పిల్లయితే పది నిమిషాల్లో ఫోన్ తీసుకుని పక్క గదిలోకి పోయేది. మూడు గంటలు కూర్చుందంటే ఆడాలని ఎంత ఆశపడిందో చూడు. మన ఇళ్ళల్లో అష్టాచెమ్మ నేర్పేటప్పుడు ఎవరూ రూల్స్ అన్నీ ముందే అప్పజెప్పరు. గవ్వలు చేతిలో పెట్టి ‘వెయ్యి’ అంటారు. కాయను ఎక్కడ చంపొచ్చో, ఏ గడిలో చంపకూడదో ఆడుతుంటే అదే తెలుస్తుంది. మీ చెల్లె చేతికి మాత్రం డైస్ రాకముందే ఆ సాయంత్రం అయిపోయింది.

ఈ ఆట తెలియని పాఠకుల కోసం రెండు ముక్కలు చెప్పి ముందుకు పోతాను. ఒకరు కథ నడుపుతారు, మిగతావాళ్ళు ఆ కథలో తలా ఒక పాత్ర అవుతారు. ‘నేను ఆ తలుపు తోస్తున్నా’ అని ఆడేవాళ్ళు అంటారు. తలుపు తెరుచుకుందా లేదా అన్నది 20 ముఖాల డైస్ తేలుస్తుంది. ఆ పాత్ర చేతిలో ఉన్న విద్య ఏమిటో చెప్పేదే క్లాస్. కత్తి తిప్పేవాళ్ళు, మంత్రం వేసేవాళ్ళు, చప్పుడు కాకుండా గోడ దూకేవాళ్ళు, ఇట్లా. ఆ క్లాస్‌లో మళ్ళీ ఒక శాఖ సబ్‌క్లాస్. స్పెల్ అంటే మంత్రం. పాత్ర ఆడే కొద్దీ ఎక్కే మెట్టు లెవెల్. పాలడిన్ అంటే మాటకు కట్టుబడే యోధుడి క్లాస్.

తగ్గించు తమ్ముడూ. మూడు చాలు. అలా తగ్గిస్తే ఆటను పాడు చేసినట్టవుతుందేమోనన్న బెంగ అసలే పెట్టుకోకు. ఈ ఆట పుట్టినప్పుడు ఉన్నవి మూడే. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తెచ్చిన మొదటి పెట్టెలో ఫైటింగ్ మ్యాన్, మ్యాజిక్ యూజర్, క్లెరిక్ (దైవబలంతో గాయాలు మాన్పేవాడు) తప్ప వేరే క్లాస్ లేదు. దొంగ 1975లో వచ్చి చేరాడు. 1978 ప్లేయర్స్ హ్యాండ్‌బుక్ వచ్చేసరికి డ్రూయిడ్, రేంజర్, మాంక్ అంటూ లెక్క పదికి పోయింది. 2014 పుస్తకంలో 12. నువ్వు చేయబోయేది కొత్త ప్రయోగమేమీ కాదు, తొలినాటి లెక్కకు తిరిగి పోతున్నావంతే.

అయితే ఎలా తగ్గిస్తావన్నదే అసలు సంగతి. నేను మొదటిసారి తప్పుగా తగ్గించాను. 12 పేర్లలో తొమ్మిది కొట్టేసి, ఇక తేలికైపోయిందనుకుని పిల్లలను కూర్చోబెట్టాను. ఫైటర్ తీసుకున్న పిల్లవాడు పావుగంటలో తయారై కూర్చున్నాడు. విజార్డ్, అంటే మంత్రాలు వేసే క్లాస్, తీసుకున్న అమ్మాయి గంటన్నర తర్వాత కూడా పేజీలు తిప్పుతూనే ఉంది. ఆ రోజు ఆట మొదలే కాలేదు. ఇంటికి వచ్చి లెక్క వేస్తే తెలిసింది. 2014 రూల్స్‌లో మొదటి లెవెల్ ఫైటర్‌కు తన క్లాస్ తరఫున ఉండే పెద్ద ఎంపిక ఒక్కటే, ఆరు పోరాట పద్ధతుల్లో ఒకటి ఎంచుకోవడం. విజార్డ్ అయితే మూడు క్యాంట్రిప్‌లు (ఖర్చు లేకుండా ఎన్నిసార్లైనా వేసే చిన్న మంత్రాలు) ఏరుకోవాలి, తన పుస్తకంలోకి ఆరు స్పెల్స్ ఏరుకోవాలి, ఆ ఆరింటిలో ఈ రోజుకు ఏవి సిద్ధం చేసుకోవాలో మళ్ళీ ఎంచుకోవాలి. ఇంకా మొదటి తలుపు కూడా తెరుచుకోలేదు, ఆ పిల్ల అప్పటికే తొమ్మిది దాటి నిర్ణయాలు తీసుకుంది. వాటిలో ఒక్కదాని ఫలితం ఎలా ఉంటుందో ఆమెకు తెలిసే దారి లేదు. క్లాసులు మూడుంటేనేం, ముప్పై ఉంటేనేం, బరువంతా ఆ నిర్ణయాల్లో ఉంది.

సబ్‌క్లాసుల సంగతీ అంతే. ఆ పుస్తకంలో చాలా క్లాసులకు సబ్‌క్లాస్ మూడో లెవెల్‌లో వస్తుంది, విజార్డ్‌కు, డ్రూయిడ్‌కు రెండో లెవెల్‌లో. క్లెరిక్, సోర్సరర్, వార్‌లాక్ మాత్రం మొదటి లెవెల్‌లోనే తేల్చుకోవాలి. కొత్తవాళ్ళను కూర్చోబెట్టేటప్పుడు ఇంకేమీ చేయలేకపోయినా కనీసం ఆ మూడింటిని పక్కన పెట్టు. సగం టెన్షన్ తగ్గుతుంది.

రెండోసారి నేను పుస్తకం బయటికే తీయలేదు. అర అట్టముక్క మీద పట్టేంత కార్డు ఒక్కో క్లాస్‌కు ఒకటి రాశాను. బలం, చురుకుదనం లాంటి ఆరు గుణాలకు అంకెలు నేనే నింపాను. 15, 14, 13, 12, 10, 8 అని ఆ పుస్తకంలోనే రెడీగా ఇచ్చిన వరుస ఉంది, దాన్ని ఆయా క్లాస్‌కు తగ్గట్టు సర్దితే సరిపోతుంది. మంత్రాలు వేసే పాత్రకు నాలుగే మంత్రాలు రాశాను. వెలుగు, మంట, నిద్ర, డాలు. వెలుగుకు ఖర్చు లేదు. మిగతా మూడింటిలో ఏది వేసినా ఒక చింతగింజ పోతుంది. మొదటి లెవెల్‌లో రోజుకు రెండే గింజలు, రాత్రి నిద్రపోతే రెండూ తిరిగి వస్తాయి. పుస్తకంలో ఉన్న లెక్క కూడా రెండే, నేను దాన్ని గింజల్లోకి మార్చానంతే.

ఆ రోజు ఆ పాత్ర మా అక్క బిడ్డకు వచ్చింది. ఎనిమిదో తరగతి. డాబా మీద చాప పరుచుకుని ఆడుతున్నాం. కథలో ఒక పాత చెరువు కట్ట, దాని కింద రాతి తూము. చెరువు నిండా నీళ్ళున్నా తూములోంచి చుక్క రావడం లేదు, లోపల ఏదో కదులుతోంది. మా పిల్ల ఒక గింజ తీసి చాప మధ్యలో పెట్టి ‘నిద్ర’ అంది. లోపలి కదలిక ఆగింది. అందరూ అరిచారు. ఆ తర్వాత మిగిలిన గింజను గుప్పిట్లో పెట్టుకుని గంటన్నర దాకా వదల్లేదు. నీళ్ళు తాగేటప్పుడు కూడా ఎడమ చేతిలోనే ఉంది. ‘ఇప్పుడు వాడనా మామా, ఉంచుకోనా?’ అని నాలుగైదు సార్లు అడిగింది. నేను జవాబు చెప్పలేదు, ఆ నిర్ణయం ఆమెదే. ఆరు స్పెల్స్ ఏరుకోమన్నప్పుడు విసిగిపోయే వయసు పిల్ల, ఒక్క గింజ గురించి గంటన్నర ఆలోచించింది. నువ్వు కొట్టేయాల్సిన నిర్ణయాలేవో, మిగల్చాల్సినవేవో నాకు ఆ గుప్పిటను చూశాకే తెలిసింది.

ఇక ఆ మూడు క్లాసులు ఎట్లా ఉండాలి? ఒక్క ప్రశ్న పెట్టుకో. ఆపద ఎదురైనప్పుడు ఈ మనిషి మొదట ఏం చేస్తాడు? ముందుకు అడుగేసేవాడు యోధుడు. చుట్టూ చూసి ఉపాయం వెతికేవాడు నేర్పరి. లోకం ఒప్పుకోని పనిని చేసి చూపించేవాడు సిద్ధుడు. యోధుడి ప్రాణం 10 నుంచి, నేర్పరికి 8 నుంచి, సిద్ధుడికి 6 నుంచి మొదలుపెట్టు, పుస్తకంలో ఫైటర్, రోగ్, విజార్డ్‌లకు ఉన్న తేడా అదే. దాని పైన ఒక్కొక్కరికి ఒక్కటే ప్రత్యేకత ఇవ్వు. పక్కవాడికి తగలబోయే దెబ్బను ఒక పోరులో ఒకసారి యోధుడు తన మీదికి తీసుకోవచ్చు. నేర్పరి ఒక్కో సన్నివేశంలో ఒకసారి రెండు డైస్ వేసి పెద్ద అంకె తీసుకోవచ్చు. సిద్ధుడికి గింజలున్నాయి. చూశావా, ముగ్గురూ చాప మీద చేసే పనే వేరు. ఒకరు పక్కవాళ్ళ కోసం చెయ్యి ఎత్తుతారు, ఒకరు రెండు డైస్ పట్టుకుంటారు, ఒకరు గింజ తీస్తారు. చేతులు చేసే పని వేరైతే పాత్రలు ఒకేలా ఉండవు.

సిద్ధుడు అనే పేరు ఎందుకు పెట్టానో కూడా చెప్పాలి. మొదట ‘మంత్రగాడు’ అని రాశాను. తర్వాత కొట్టేశాను. ఎవరో మంత్రాలు చేస్తున్నారని అనుమానించి మనుషులను కొట్టి చంపిన వార్తలు మన జిల్లాల్లో ఎన్ని చదవలేదు? ఆ మాటను పిల్లల చేత సరదాగా పలికించడం నాకు మనస్కరించలేదు. సిద్ధుడు, సిద్ధురాలు అంటే వినడానికి బాగుంది, ఎవరికీ విడమరిచి చెప్పాల్సిన పని లేదు.

అన్ని పాత్రలూ ఒకేలా ఉంటాయేమోనన్న నీ భయానికి మిగతా మందు ఒక వాక్యం. క్లాస్ ఎంచుకున్నాక ప్రతి ఒక్కరితో వాళ్ళ పాత్ర గురించి ఒక్క వాక్యం రాయించు. ‘పాకాల అడవిలో దారి తప్పినవాళ్ళను బయటికి తెచ్చేదాన్ని’ అని రాసిందనుకో, రేంజర్ వచ్చేసినట్టే, ఆమె యోధురాలైనా నేర్పరి అయినా సరే. ‘జాతరల్లో కథ చెబుతూ ఊళ్ళు తిరుగుతా’ అంటే అదే బార్డ్. సంక్రాంతికి ఐనవోలు మల్లన్న జాతరకు పోయి ఒగ్గు కథ విన్నవాళ్ళకు, ఒక మనిషి గొంతు, డోలు కలిసి జనాన్ని ఎట్లా కట్టిపడేస్తాయో ఎవరూ చెప్పనక్కర్లేదు. ‘చెరువు నిండుతుందో ఎండుతుందో గాలి వాసనను బట్టి చెబుతా’ అనే సిద్ధురాలు డ్రూయిడ్ కాక మరేమిటి? ఆ వాక్యానికి సంబంధించిన పని వచ్చినప్పుడు డైస్‌లో పడ్డ అంకెకు రెండు కలుపు. వేరే రూల్ ఏదీ వద్దు.

ఇక్కడ ఒక హెచ్చరిక ఉంది. మన చోటు, మన కథ అనుకోగానే కుల వృత్తులను క్లాసులుగా మార్చాలన్న ఆలోచన వస్తుంది. నాకూ వచ్చింది. ఆరు వృత్తులు తీసుకుని, ఒక్కోదానికి ఒక్కో బలం రాసి, చాలా బాగా కుదిరిందని సంబరపడ్డాను. ఆడటానికి వచ్చిన వాళ్ళలో ఒక కుర్రవాడు కాగితం చూసి మెల్లగా ‘ఇక్కడ కూడా నాకు అదేనా అన్నా?’ అన్నాడు. ఆ కాగితం అక్కడే చింపేశాను. ఇప్పటికీ ఆ గొంతు గుర్తొస్తే నాకు బాధగానే ఉంటుంది. వారంలో ఒక్క సాయంత్రం తనకు నచ్చిన మనిషి అవుదామని వచ్చిన పిల్లవాడి ముందు నేను పుట్టుకను తెచ్చి పెట్టాను. డంజన్స్ అండ్ డ్రాగన్స్ చరిత్రలోనూ ఇలాంటిది ఒకటుంది. 1981 బేసిక్ సెట్‌లో ఏడు క్లాసులుంటే అందులో ఎల్ఫ్, డ్వార్ఫ్, హాఫ్‌లింగ్ మూడు, అవి కథలోని మనుషులు కాని జాతుల పేర్లు. అంటే ఎల్ఫ్‌గా పుడితే అదే నీ క్లాస్, వేరే విద్య నేర్చుకునే దారి లేదు. నేర్పడానికి తేలికని దాన్ని ఇప్పటికీ మెచ్చుకునేవాళ్ళు ఉన్నారు. తేలికే, ఒప్పుకుంటా. కానీ మన దగ్గర ఆ తేలిక వద్దు తమ్ముడూ. ఆ ఒక్క వాక్యం పిల్లలే రాయాలి, నువ్వు రాసివ్వకు.

క్లెరిక్ లేకపోతే గాయాలు ఎవరు మాన్పుతారని మీ పాత బ్యాచ్ తప్పకుండా అడుగుతుంది. క్లెరిక్ ఎట్లా వచ్చాడో తెలిస్తే ఆ ప్రశ్న కొంత సద్దుమణుగుతుంది. ఆర్నెసన్ నడిపిన బ్లాక్‌మూర్ కథలో ఒక ఆటగాడు రక్తపిశాచిగా మారి, ఎవరికీ లొంగకుండా పోయాడు. వాడికి అడ్డుకట్ట వేయడానికి పుట్టిన పాత్ర క్లెరిక్. ఒక ఇంటి ఆటలో వచ్చిన ఇబ్బందికి ఆ ఇంటివాళ్ళు వెతుక్కున్న పరిష్కారం అది, తర్వాత అచ్చులోకి ఎక్కి అందరిదీ అయింది. మీ కథలో అలాంటి పిశాచి లేనప్పుడు ఆ క్లాస్ ఉండి తీరాలని ఏమీ లేదు.

గాయాల సంగతికి వస్తే, 2014 రూల్స్‌లోనే కనీసం గంట విశ్రాంతి తీసుకుంటే ఎవరికి వాళ్ళు డైస్ వేసుకుని కొంత ప్రాణం తిరిగి తెచ్చుకునే పద్ధతి ఉంది. నేను దానికి సద్ది అని పేరు పెట్టాను. పోరు అయ్యాక అందరూ ఒక చోట కూర్చుని సద్ది మూట విప్పితే పోయిన ప్రాణంలో సగం తిరిగొస్తుంది. రోజుకు రెండు సార్లే. షరతు ఒక్కటి, ఆ సమయంలో ఒక్కొక్కరూ తమ పాత్ర మూటలో ఏముందో చెప్పాలి. ఇది పెట్టాక నేను ఊహించనిది ఒకటి జరిగింది. జొన్నరొట్టె, పచ్చిమిరపకాయ తొక్కు అని ఒకరు మొదలుపెడితే, ఇంకొకరు ‘నా మూటలో ఏమీ లేదు, నిన్న దారిలో కనబడ్డ ముసలమ్మకు ఇచ్చేశా’ అన్నారు. పక్కవాళ్ళు తమ రొట్టె విరిచి ఇచ్చారు. క్లెరిక్ ఉన్న రోజుల్లో వైద్యమంటే ఒకరు డైస్ వేయడం, ఇంకొకరు అంకె రాసుకోవడం. ఇప్పుడు మా ఆటలో అందరూ ఎదురుచూసేది సద్ది కోసమే.

‘ఇంత దూరం వచ్చాక అసలు క్లాసులే తీసేస్తే?’ అని నీకు అనిపించవచ్చు. అలాంటి ఆటలున్నాయి. 1978లో వచ్చిన రూన్‌క్వెస్ట్‌లో క్లాసులు లేవు, 1986 నాటి గర్ప్స్‌లో పాయింట్లు ఖర్చు పెట్టి పాత్రను మొదటినుంచీ నువ్వే కట్టుకోవాలి. మంచి ఆటలే. కొత్తగా వచ్చినవాళ్ళ ముందు మాత్రం పెట్టకు. ఏమీ రాయని కాగితం కన్నా ‘యోధురాలు’ అని పైన రాసి ఉన్న కాగితం చేతికిస్తే పిల్లలు తొందరగా కుదురుకుంటారు. పేరు వినగానే మనిషి కళ్ళ ముందుకు రావాలి. 2002లో వచ్చిన డి20 మోడరన్‌లో ఆరు గుణాలకు ఆరు క్లాసులు చేసి, స్ట్రాంగ్ హీరో, ఫాస్ట్ హీరో అని పేర్లు పెట్టారు. లెక్క ప్రకారం అది చాలా శుభ్రంగా ఉంటుంది. నాకైతే ఫాస్ట్ హీరో అంటే ఏ మొహమూ గుర్తుకు రాదు.

మీ పాత బ్యాచ్‌కు ఏడాదిన్నర అలవాటు కాబట్టి వాళ్ళకు మూడు క్లాసులు చప్పగా అనిపించవచ్చు. మామూలు ఆదివారాల్లో మీ 12 మీరు ఆడుకోండి, వాటిని ఎవరూ లాక్కోవడం లేదు. దసరా ఆటకు మాత్రం అందరికీ ఒకే రకం కార్డులు ఇవ్వు. పాతవాళ్ళ దగ్గర నాలుగు పేజీల షీట్, చెల్లె దగ్గర అట్టముక్క ఉంటే ఆ పిల్ల మళ్ళీ తనకు రాదనే అనుకుంటుంది. కార్డులు చేసే తీరిక లేకపోతే, 2014 ఆటకు ఉచితంగా దొరికే బేసిక్ రూల్స్ పీడీఎఫ్‌లో క్లెరిక్, ఫైటర్, రోగ్, విజార్డ్ నాలుగే ఉన్నాయి, అదైనా వాడు. స్పెల్స్ మాత్రం నువ్వే ఏరిపెట్టు.

ఇక పాలడిన్ ఫ్రెండ్. అతన్ని మొండివాడనుకోకు. అతను పట్టుబడుతున్నది ఆ పేరు కోసం కాకపోవచ్చు. యోధులు చాలామంది ఉంటారు, మాటకు కట్టుబడి నిలబడే యోధుడు కావాలని అతని కోరిక. దానికి మన దగ్గర ఇంగ్లిష్ మాట కన్నా మంచి మాట ఉంది. మొక్కు. మేడారం జాతరకు పోయి తమ ఎత్తు బెల్లం తూచి, దాన్ని బంగారమని పిలుచుకుని సమ్మక్క సారలమ్మలకు సమర్పించుకునే జనం మనం. మాట ఇచ్చి తీర్చకపోతే మనిషికి లోపల ఎట్లా ఉంటుందో మన ఊళ్ళల్లో అందరికీ తెలుసు.

అతనికి యోధుడి కార్డే ఇవ్వు. వెనక వైపు ఖాళీగా ఉంచి, తన పాత్ర ఏం మొక్కుకుందో అతనితోనే రాయించు. ‘ఆయుధం లేనివాళ్ళ మీద చెయ్యి ఎత్తను’, ‘సాయం అడిగినవాళ్ళను కాదనను’, ఏదైనా సరే, ఒక్కటే. మొక్కు నిలబెట్టుకున్నంత కాలం రోజుకు ఒకసారి, దొర్లిన డైస్ ఎంత చూపించినా సరే, దాన్ని 20గా లెక్కించుకోవచ్చు. తప్పితే ఆ బలం పోతుంది, ఎవరికి అన్యాయం జరిగిందో వాళ్ళ దగ్గరికి పోయి సరిదిద్దుకునే దాకా తిరిగి రాదు. పాలడిన్ పేజీల్లో ఉన్న మిగతావి ఏవీ అక్కర్లేదు. మా ఆటలో ఇది ఇచ్చాక మొక్కు కావాలని ఒక సిద్ధురాలు, ఒక నేర్పరి కూడా అడిగారు. ఇచ్చాను. ఒక క్లాస్‌కే దాచిపెట్టాల్సిన అవసరం నాకు కనిపించలేదు.

ఆ కార్డు అతని చేత దసరాకు వారం ముందే రాయించుకో. రాయగానే ఫోటో పంపమను. ఆ మొక్కు మీద ఆశ పెట్టుకుని తలుపు కొట్టే ఒక మనిషిని అప్పుడే నీ కథలో రాసిపెట్టుకో. ఆ తలుపు తెరిచేది మీ చెల్లె పాత్ర కావాలి.